మూడో కోత

కోతగదిలోకి ఆ కొత్త మిషను వచ్చిన రోజునుంచే కోతమ్మకు దాని మీద కడుపుమంట. పాత మిషను సగం గదిని ఆక్రమించుకుని ఉండేది. ఆన్ చేస్తే పక్కగదిలో గాజుగ్లాసులు కూడా వణికేవి. ఇనప కడ్డీని దాని నోట్లో పెడితే చాలు, మాట పూర్తయ్యేలోగా రెండు ముక్కలు. కోతమ్మకు అలాంటి పనే పని. ఈ కొత్తదేమో బల్లమీద గ్యాసు పొయ్యిలా ఒద్దికగా కూర్చుంటుంది. దాని చక్రం అట్టముక్కంత పల్చన. చక్రం పైన ఒక ఇనప చెయ్యి, చెయ్యి చివర బిగింపు, బిగింపులో సాంపిల్. ఆ చెయ్యి తన బరువుతో తనే మెల్లగా చక్రం మీదికి వాలుతుంటే, పక్కనుంచి సన్నటి గొట్టం చల్లటి నీళ్ళు పోస్తుంటే, లోహం కొంచెం కొంచెంగా తెగాలి.

"ఇది కోయడానికా, గోకడానికా?" అంది మొదటిరోజే.

"కాస్త ఓపిక పడితే దీన్ని మించింది లేదు" అన్నాడు ల్యాబు పెద్దసారు. "పాతది కోతకోతకీ వేలెడు లోహం మింగేది. ఇది గోరంత కూడా తినదు. తెగిన ముఖం అద్దంలా వస్తుంది."

ఓపిక అనే మాట వింటేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది. బతికున్నన్నాళ్ళూ అత్తగారు అదే మాట. ఇప్పటికీ మొగుడు అదే మాట. ఇక మిగిలింది ఈ డబ్బా ఒక్కటి, అదీ చెప్పేసింది.

ఆ ల్యాబుకు ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల నుంచో విరిగిపోయినవీ, పగిలిపోయినవీ వస్తాయి. విరిగిన దాంట్లోంచి ఒక ముక్క కోసి, నున్నగా పాలిష్ చేసి, యాసిడ్‌తో తుడిచి, మైక్రోస్కోపు కింద పెడితే ఆ లోహం ఏం అనుభవించి విరిగిందో కనిపిస్తుంది. దెబ్బ తిందా, తుప్పు తిందా, కాలిపోయిందా అన్నీ. కోసేది కోతమ్మ. పాలిష్ చేసేది పక్కగదిలో పాలిషావిడ. చూసి రిపోర్టు రాసేది లావుపాటి కళ్ళద్దాల పెద్దమనిషి, ఆయన్ని అందరూ అద్దాలాయన అంటారు. సాంపిల్ మీద నంబరు ఒక్కటే ఉంటుంది. ఏ ఫ్యాక్టరీదో, దాని వెనక ఎవరి కొంప ఉందో ఈ ముగ్గురికీ తెలియకూడదు. అది పెద్దసారు పెట్టిన కట్టుబాటు.

ఆ రోజు వచ్చింది విరిగిన పంపు షాఫ్టు. ముంజేయంత పొడవు, మంచి గట్టి ఉక్కు. కోతమ్మ బిగింపులో పెట్టి, చెయ్యి మీది కడ్డీకి, దాన్ని కిందికి నొక్కే చిన్న బరువు బిళ్ళ తగిలించింది. ఉక్కుకు ఆ ఒక్క బిళ్ళే వెయ్యాలి. పెద్దసారు ఆ మాట కాగితం మీద రాసి గోడకు అంటించాడు కూడా. చక్రం తిరిగింది. నీళ్ళు జారాయి. ఆమె స్టూలు మీద కూర్చుని చూసింది. చూసి చూసి మెడ నొప్పెట్టింది. షాఫ్టు మీద గాటు గోరు గీసినంత పడింది.

కిటికీలో ఎండ గోడ దిగిపోతోంది. కోతమ్మ ప్రాణమంతా ఇంటి దగ్గర కుళాయి మీద ఉంది.

వాళ్ళది రెండంతస్తుల ఇల్లు. కింద కోతమ్మ, మొగుడు. పైన మొగుడి అన్నగారు, ఆయన భార్య. మెట్ల కింద ఒక్కటే కుళాయి. సాయంత్రం నీళ్ళు వదిలినప్పుడు ఎవరు ముందు బిందె పెడితే వాళ్ళ ఇల్లే నిండుతుంది, రెండో వాళ్ళకు గాలి శబ్దం మిగులుతుంది. వంతులు పెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళు ఆ ఇంటి సంగతి తెలియని వాళ్ళు. వంతులు పెట్టుకోవాలంటే ముందు మాట్లాడుకోవాలి. ముందురోజు పైనావిడే గెలిచింది. గెలిచి ఊరుకుందా, కోతమ్మ ఖాళీ బిందెను కాలితో తోస్తూ, "పాపం ఎండిపోయావే, నీ వాళ్ళకు నీమీద ధ్యాస లేదే" అని బిందెతో మాట్లాడింది. లోపల కోతమ్మ వింటూనే ఉంది. ఆ మాట ఆమెకు పొద్దున్నుంచీ చెవిలో జోరీగలా తిరుగుతోంది.

ఆమె లేచి, డ్రాయరు లాగి, పెద్ద బిళ్ళ తీసి చిన్న బిళ్ళ పక్కన తగిలించింది. వేగం తిప్పే గుండీని ఇంకాస్త తిప్పింది. చక్రం గొంతు మారింది, సన్నగా కీచుమంది. నీళ్ళు చక్రం చుట్టూ పొగలా చిమ్మాయి. చూస్తుండగానే ముక్క తెగి ట్రేలో టంగుమని పడింది.

"చూశావా, మాట వినకేం చేస్తావు?" అని మిషనుతోనే అని, ముక్క చేతిలోకి తీసుకుంది. వేలు చురుక్కుమంది. తెగిన ముఖం మీద ఒక పక్క గోధుమరంగు, దాని పక్కన నెమలి మెడలాంటి నీలం. కాలింది.

కాలితే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. ఆ ముక్కను పక్కన పడేసి, మళ్ళీ మొదటినుంచీ కోయాలి. వేడి తగిలిన ఉక్కు లోపల రూపు మారిపోతుంది. ఆ మార్పు పైన కనిపించే రంగుకన్నా లోతుకు దిగుతుంది. మళ్ళీ కోయడమంటే మళ్ళీ గోరుగీత, మళ్ళీ మెడనొప్పి, ఖాళీ బిందె. ఆమె గరుకు కాగితం తీసి, ముక్కను దానిమీద పెట్టి, నీలం పోయేదాకా రుద్దింది. ఉక్కు తెల్లగా తేలింది.

పాలిషావిడ ఆ ముక్క అందుకుని అటూ ఇటూ తిప్పింది. "ఏంటి, ఎప్పుడూ లేంది నువ్వే నునుపు చేసి ఇస్తున్నావు? నా పని మీద అంత ప్రేమ ఎప్పట్నుంచి?"

"నీ పని తగ్గించినా ఏడుపేనా?" అంది కోతమ్మ. చేతిసంచీ భుజానికి తగిలించుకుని బయటపడింది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర ఆమెదే గెలుపు. పైనావిడ మెట్ల సగంలో బిందెతో నిలబడి చూస్తుంటే, కోతమ్మ బకెట్లు, బిందెలు, ఆఖరికి పూలకుండీ కింది పళ్ళెం కూడా నింపుకుంది.

*

వారం తిరక్కముందే ఒకనాటి సాయంత్రం పై అంతస్తులో గొడవ మొదలైంది. ముందు ఏదో గిన్నె విసిరేసిన చప్పుడు. తర్వాత పైనావిడ గొంతు. కోతమ్మ పొయ్యి తగ్గించి, గుమ్మం దాకా వచ్చి చెవి ఒగ్గింది. శత్రువు ఇంట్లో గొడవ జరుగుతుంటే వినకుండా ఉండటానికి ఆమేమన్నా సన్యాసినా?

మొగుడు పైనుంచి దిగొచ్చాడు. ఆయన దర్జీ. మెడలో టేపు వేలాడుతూనే ఉంది. అన్నకూ భార్యకూ మధ్య ఏళ్ళ తరబడి కుక్కిన పేనులా పడి ఉండటం నేర్చుకున్న మనిషి. ఆరోజు మాత్రం ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నయ్యను మిల్లులో పనిలోంచి ఆపేశారు" అన్నాడు. "విచారణ పెట్టి తీసేస్తారట."

కోతమ్మకు కడుపు చల్లబడింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. "ఎందుకో?"

"పంపు షాఫ్టు విరిగింది. బేరింగుకు నూనె వెయ్యకుండా తిప్పాడట, దాంతో కాలిపోయి విరిగిందట. ఏదో ల్యాబులో పరీక్ష చేయిస్తే ఉక్కు కాలినట్టే రిపోర్టు వచ్చిందట. ఆ పంపు ఖరీదు కూడా అన్నయ్య జీతంలోంచే పట్టుకుంటామంటున్నారు."

కోతమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఎలాంటి షాఫ్టు?" అంది.

"నాకేం తెలుసు? ముంజేయంత ఉంటుందన్నాడు, విరిగిన ముక్క."

ఆమె వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అక్కడ చేసే పనేమీ లేదు. గిన్నెల మూతలు తీసి చూసింది, మళ్ళీ పెట్టింది. అది తను కోసిందే. కాసేపటికి దాని పక్కనే ఇంకో ఆలోచన తల ఎత్తింది. ఆ షాఫ్టు నిజంగానే కాలి ఉండొచ్చు కదా? తన కోత కొంత కాల్చింది నిజమే, దానికి ముందే ఆయనగారి నిర్లక్ష్యం మొత్తం కాల్చి ఉంటే? అప్పుడు రిపోర్టు తప్పెందుకవుతుంది?

ఆ ఆలోచన హాయిగానే ఉంది. ఒక్కటే చిక్కు. బావగారు నూనె వెయ్యడం మర్చిపోయే మనిషి కాదని ఈ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసింది ఆమెకే. వాళ్ళిద్దరికీ ఆఖరిసారి ఎదురుబొదురు మాటలు జరిగింది నూనె గురించే. తలుపు బందులకు నూనె, గేటు గడియకు నూనె, బావి లేకపోయినా మిగిలిపోయిన పాత గిలకకు నూనె. చేతిలో నూనెడబ్బా లేకుండా ఆయన మెట్లెక్కడం, దిగడం ఎవరూ చూడలేదు. మెట్లంతా చుక్కలు. "జారిపడి నడుం విరిగితే మీరు మోస్తారా?" అని ఆమె అరిచింది, "కళ్ళు నేలకేసి నడిస్తే ఎవరూ పడరు" అని ఆయన అరిచాడు. ఆ తర్వాత మాటల్లేవు.

*

మర్నాడు భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళాక కోతమ్మ మిగులు సామాన్ల అలమర తెరిచింది. ఏ సాంపిల్ అయినా కోయగా మిగిలింది తగువు తేలేదాకా అందులో ఉండాలి. షాఫ్టు మిగులు ముక్క అడుగు అరలో ఉంది. దాన్ని తీసుకొచ్చి, కాలిన ముఖానికి బాగా ఎడంగా, విరిగిన చోటుకు దగ్గరగా గుర్తు పెట్టింది. బిగింపులో పెట్టి, మర చేత్తో తిప్పి, మళ్ళీ కదిపి చూసి, మళ్ళీ బిగించింది. నీళ్ళ గొట్టం మూతి సరిగ్గా చక్రం అంచుకు తగిలేలా వంచింది. చిన్న బిళ్ళ ఒక్కటే తగిలించింది.

ఆ ముక్క తెగేదాకా ఆమె స్టూలు మీంచి లేవలేదు. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యలేదు. కూర్చున్నంతసేపూ మనసులో ఒకటే కోరిక. ఇది కూడా కాలి ఉండాలి. ఆయన తప్పు చేసి ఉండాలి. అప్పుడు తన తప్పు తప్పు కాకుండా పోతుంది.

ముక్క పడింది. చల్లగా ఉంది. ముఖం మీద రంగు ఛాయ కూడా లేదు. పాలిషావిడ బల్ల దగ్గర ఎవరూ లేరు కాబట్టి తనే పాలిష్ చేసి, తనే యాసిడ్ దూదితో తుడిచి, కడిగి, ఆరబెట్టింది. భోజనం ముగించి పళ్ళు కుట్టుకుంటూ వచ్చిన అద్దాలాయన ముందు పెట్టింది.

"ఒకసారి చూడండి."

"నంబరేదీ?"

"ముందు చూడండి."

ఆయన గొణుక్కుంటూ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, మైక్రోస్కోపు మీదికి వంగాడు. చక్రాలు తిప్పాడు. ముక్కను అటు జరిపాడు, ఇటు జరిపాడు. "మంచి ఉక్కు. వేడి తగిలిందే లేదు. ఇక్కడొక పాత పగులు లోపలికి పాకింది, బహుశా పోత పోసినప్పటిదే. దీనికి విరగడం రాసిపెట్టి ఉంది. ఏంటిది?"

"పంపు షాఫ్టు. మొన్న మీరు కాలిందని రాసిందే."

ఆయన తల ఎత్తలేదు. మైక్రోస్కోపు మీద కన్ను అలాగే పెట్టి ఉంచాడు. కోతమ్మ జరిగింది చెప్పింది. బిళ్ళ సంగతి, నీలం సంగతి, గరుకు కాగితం సంగతి. మొగుడి అన్నగారి సంగతి మాత్రం చెప్పలేదు.

"నీకు బుద్ధుందా?" అన్నాడాయన చివరికి, గొంతు బాగా తగ్గించి. "ఆ రిపోర్టు కింద సంతకం ఎవరిదనుకున్నావు? నాది. ఇరవై ఏళ్ళలో ఒక్క రిపోర్టు వెనక్కి రాలేదు. ఇప్పుడు నీ తొందరకు నేను తల దించుకోవాలా?"

"మీ తల సంగతి నాకెందుకు? తప్పు నాది."

"తప్పు నీది, పేరు నాది. ఆ ముక్క తీసుకెళ్ళి ఎక్కడ పారేస్తావో పారెయ్. నువ్వు చూపించలేదు, నేను చూడలేదు." ఆయన కళ్ళద్దాలు కిందికి దించుకుని వేరే కాగితాలు ముందేసుకున్నాడు.

కోతమ్మ ముక్కను దూదిలో చుట్టుకుని గదిలోకి వచ్చింది. పారెయ్యమన్నవాడు మైక్రోస్కోపు ముందు కూర్చునే పెద్దమనిషి. పారేస్తే లాభపడేది తను. నష్టపోయేది తనను కళ్ళెత్తి చూడని మనిషి. అన్నీ కలిసొచ్చాయి. ఇంతకన్నా సుళువైన పని ఆమె జీవితంలో ఎదురుపడలేదు.

*

ఇంటికి వచ్చేసరికి పైనావిడ మెట్ల మీద కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు. కోతమ్మను చూడగానే స్తంభంతో మాట్లాడటం మొదలుపెట్టింది. "కొంతమందికి ఇవాళ పండగ. మా ఇంటి పొయ్యి ఆరిపోతే చలికాచుకుందామని కూర్చున్నారు. కాచుకోనీ. మా ఆయన ఉద్యోగం పోతే పోయింది, వాళ్ళ ముందు చెయ్యి చాపితే నా చెయ్యి విరిగిపోవాలి."

మామూలు రోజైతే కోతమ్మ ఒంటికాలి మీద లేచేది. స్తంభానికి ఒకటి, గోడకు ఒకటి జవాబు చెప్పేది. ఈరోజు చెప్పాల్సిన మాట ఏదైనా గొంతులోంచి బయటికొచ్చేముందు సంచీలో దూదిచుట్టకు తగిలి ఆగిపోతోంది. తలుపు వేసుకుని లోపల కూర్చుంది. పైన ఆయన అడుగుల చప్పుడు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు.

ఆమెకు ఆయన మీద జాలి కలగలేదు. కలిగితే బాగుండేది, పని తేలికయ్యేది. ఆమెకు కలిగింది కోపమే. ఇన్నేళ్ళుగా ఈ పోట్లాటలో ఆమె గెలిచినవన్నీ తన నోటితో, తన కాళ్ళ వేగంతో గెలిచినవి. వీధిలో ఎవరడిగినా తలెత్తి చెప్పుకోగలిగినవి. ఇదేం గెలుపు? అవతలి మనిషికి దెబ్బ ఎవరు కొట్టారో కూడా తెలియదు. పైనావిడ ఇక జీవితమంతా స్తంభంతో తిడుతూనే ఉంటుంది, తను జవాబు చెప్పలేక నోరు మూసుకుని ఉండాలి. దొంగలా. 

"రేపు పెద్దసారుకు చెప్పేస్తాను" అంది మొగుడితో. మొత్తం విన్నాక ఆయన టేపును వేలికి చుట్టుకున్నాడు.

"నీ ఉద్యోగం పోతే?" అన్నాడు.

"పోతే మీ వదినగారు స్తంభానికి చెప్పుకుంటుంది."

పొద్దున్నే పెద్దసారు బల్ల మీద దూదిచుట్ట విప్పిపెట్టి, నిలబడే చెప్పింది. ఆయన అరవలేదు. అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది. ఆయన ముక్క వైపు, ఆమె వైపు చూసి, "రంగు చూసి కూడా రుద్దేశావా?" అన్నాడు. ఆ ప్రశ్నకు తలకొట్టేసినట్టయింది.

"రుద్దాను."

"ఈరోజునుంచి ఆ మిషను ముట్టుకోవద్దు. పాలిషావిడ అక్కడ కూర్చుంటుంది. విచారణ అయ్యాక నిన్ను ఉంచాలో తీసెయ్యాలో చూస్తాను." తర్వాత అద్దాలాయన్ని పిలిపించాడు. ఆ గది తలుపు వెనక ఏం జరిగిందో తెలియదు గానీ, బయటికొచ్చినప్పుడు ఆయన మొహం కందగడ్డలా ఉంది. ఆమెను దాటి వెళుతూ, "చల్లగా ఉందా ఇప్పుడు?" అన్నాడు.

*

మిల్లు ఆఫీసరు కారు దిగడమే విసురుగా దిగాడు. ఆయన వెనక బావగారు, ఇస్త్రీ చేసిన చొక్కాలో. నూనె మరక లేని చొక్కా ఆయన ఒంటి మీద చూడటం కోతమ్మకు అదే మొదలు. ఆ బట్టల్లో వేరెవరిలాగో ఉన్నాడు. పెద్దసారు గదిలో అందరూ కూర్చున్నారు. కోతమ్మకు ఎవరూ కుర్చీ చూపించలేదు. ఆమె అడగలేదు కూడా. తలుపు దగ్గర నిలబడింది.

పెద్దసారు మొదటి ముక్క, రెండో ముక్క బల్ల మీద పెట్టి, మా కోతలో పొరపాటు జరిగింది, బరువు ఎక్కువ వేసి ముక్కను కాల్చాం, రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాం అన్నాడు. బావగారు ముందుకు వంగాడు. అప్పటిదాకా ఆయనకు తనను పిలిచిందెందుకో తెలియదు.

ఆఫీసరు నవ్వాడు. "మీ ల్యాబు ఒక రిపోర్టు ఇస్తుంది, మేం ఆపరేటర్‌ను ఆపుతాం, వెంటనే ఇంకో రిపోర్టు పుడుతుంది. బాగుంది. ఈ కోత కోసింది ఎవరు?"

"నేను" అంది కోతమ్మ.

బావగారు అప్పుడు తల తిప్పి చూశాడు. ఆమె ఈ ల్యాబులో పని చేస్తుందని తెలుసు, తన షాఫ్టు ఈ చేతుల్లోకే వచ్చిందని తెలియదు. 

ఆఫీసరు ఆ చూపు పట్టేశాడు. "ఏమయ్యా, ఈవిడ నీకు తెలుసా?"

"మా తమ్ముడి భార్య."

"అదీ సంగతి!" ఆఫీసరు బల్ల మీద చరిచాడు. "ఒకే కొంప! తమ్ముడి భార్య బావగారిని కాపాడుకుంటోంది. రెండో ముక్క ఏ షాఫ్టుదో ఎవరికి తెలుసు?"

"రెండో ముక్క తెగిన చోటు మిగులు మీద ఉంది, ఆనించి చూసుకోండి" అన్నాడు అద్దాలాయన ముక్తసరిగా.

"సరే, అదే షాఫ్టు. మరి మొదటి ముక్కను ఈవిడ ఎందుకు కాల్చింది? నేర్చుకునే పిల్ల కాదు కదా. ఆ బరువు ఎందుకు వేశావమ్మా?"

 అందరూ చూస్తున్నారు. తలుపు అవతల పాలిషావిడ కూడా నిలబడి ఉందని కోతమ్మకు తెలుసు. పగతో చేశానని చెప్పినా ఇంతకన్నా గౌరవంగా ఉండేది.

"తొందరగా ఇంటికి వెళ్ళాలని."

"ఎందుకు?"

"కుళాయికి."

"ఏ కుళాయి?"

"ఇంటి దగ్గర కుళాయి. ఒక్కటే ఉంది. వీళ్ళ ఆవిడ కంటే ముందు బిందె పెట్టాలని."  "ముందురోజు ఆవిడ పెట్టేసింది. ఆరోజు నేను పెట్టాలి. అందుకని బరువు వేశాను. ఇది ఎవరి షాఫ్టో నాకు తెలియదు. తెలిసి ఉంటే..." ఏం చేసేదో ఆమెకే తెలియలేదు. ఆగిపోయింది.

ఆఫీసరు పకపకా నవ్వాడు. "బిందె కోసం! వింటున్నారా సార్? దీన్ని ఎవరైనా నమ్ముతారా?"

"నేను నమ్ముతాను" అన్నాడు బావగారు.

 ఆయన కోతమ్మ వైపు చూడకుండా బల్ల మీద ముక్కల్ని చూస్తూ మాట్లాడాడు. "ఈవిడ నన్ను కాపాడటమేంటి సార్? నేను మెట్ల మీంచి పడిపోతే, మెట్లకు దెబ్బ తగిలిందేమోనని చూసే రకం. మాకు మాటల్లేక మూడేళ్ళు. ఆరోజు మా ఆవిడ ఖాళీ బిందెతో పైకొచ్చి ఏడ్చింది. పూలకుండీ పళ్ళెం కూడా నింపుకుందని చెప్పింది. కుళాయి కోసం ఈవిడ మిషనునే కాదు, ఈ భవనాన్నైనా కాల్చేస్తుంది. అలాంటి మనిషి నోటితో నా ఉక్కు మంచిదని వచ్చిందంటే, అది మంచిదే అయ్యుండాలి. మా తమ్ముడు చెప్పినా నేను అంత నమ్మను."

కోతమ్మకు ఆ మాటల్లో ఏది తిట్టో, ఏది కాదో విడదీయడం చేతకాలేదు. మొత్తం మీద తిట్టినట్టే ఉంది. పళ్ళు నూరుకుంది.

ఆఫీసరు వదలలేదు. కళ్ళముందు కోస్తేనే ఒప్పుకుంటానన్నాడు. పెద్దసారు సరే అన్నాడు. అందరూ కోతగదిలోకి నడిచారు. పాలిషావిడ కొత్త సీట్లో నిటారుగా కూర్చుని, కోతమ్మ వైపు ఒకసారి చూసి, షాఫ్టు మిగులును బిగింపులో పెట్టింది. చిన్న బిళ్ళ తగిలించింది. ఆమె మర సగమే తిప్పడం కోతమ్మ చూసింది. చెప్పడానికి నోరు తెరిచేలోగా పాలిషావిడ తనే ఇంకో చుట్టు తిప్పింది. కోతమ్మ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుంది.

చక్రం తిరిగింది. నీళ్ళు జారాయి. ఆ చిన్న గదిలో ఒకరంటే ఒకరికి పడని మనుషులంతా ఒక ఇనప చెయ్యి చుట్టూ నిలబడ్డారు.  అద్దాలాయన పెద్దసారుకు దూరంగా నిలబడ్డాడు. బావగారు చక్రం మీంచి కళ్ళు తిప్పలేదు. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఆఫీసరు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు. ఫోను చూసుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి కారు చూసుకుని వచ్చాడు. గాటు ఇంకా సగానికి కూడా రాలేదు.

"ఇదేం కోతండీ బాబూ, నాకు అవతల సవాలక్ష పనులు" అన్నాడు. బల్ల మీద పెద్ద బిళ్ళ కనిపించింది. "ఇంకోటి ఉందిగా, అది కూడా తగిలించమ్మా. తొందరగా తేలిపోతుంది."

పాలిషావిడ చెయ్యి బిళ్ళ మీదికి వెళ్ళింది.

"వద్దు!"

రెండు గొంతులు ఒక్కసారే అరిచాయి. పాలిషావిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. బావగారు అటు తిరిగాడు, కోతమ్మ ఇటు తిరిగింది. మూడేళ్ళ తర్వాత చూపులు కలిశాయి. కలిసిన మరుక్షణమే ఇద్దరూ మొహాలు తిప్పేసుకున్నారు.

ముక్క తెగి పడేసరికి ఆఫీసరు కూడా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అద్దాలాయనే దాన్ని పాలిష్ చేశాడు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, "మీరే చూసుకోండి" అని ఆఫీసరుకు చోటిచ్చాడు. "వేడి తగల్లేదు. మీ షాఫ్టు పుట్టుకతోనే పగిలింది. నూనె వేశాడు మీ మనిషి." ఆఫీసరు చూసి, "సరే, ఒప్పుకున్నాను" అని సంచీ జిప్పు లాగాడు.

బావగారు గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కోతమ్మ దగ్గరికి వచ్చినప్పుడు అడుగు ఆగలేదు, కనీసం మెల్లబడలేదు. ఆయన వెళ్ళాక ఆమెకు తెలిసింది, ఇంతసేపూ తను కూడా ఆయన ఉద్యోగం నిలబడాలని లోపల్లోపల మొక్కుకుంటూనే ఉందని. ఆ సంగతి తెలియగానే ఆమెకు ఆయన మీద మునుపటికన్నా ఎక్కువ కోపం వచ్చింది.